కారు చస్తే ఎవరి నష్టం

మా అన్న గురవయ్య లారీ డ్రైవరు. గిద్దలూరు అడవిలో వెదురు, కలప కొట్టించే ఒక కంట్రాక్టరు దగ్గర పనిచేశాడు. నిండా దుంగలున్న లారీని నల్లమల ఘాటులో ఆయన దించుకొస్తుంటే బండ్లవాళ్లు ఎద్దుల్ని పక్కకు తోలి నిలబడి చూసేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి సంగతి ఇది. అప్పట్లో మా రాచర్ల దారిలో కారు చప్పుడు వినిపిస్తే జనం ఇళ్లలోంచి బయటికి వచ్చేవాళ్లు.

కంట్రాక్టరు పోయాడు. ఆయన కొడుకులు లారీ అమ్ముకున్నారు. అన్న ఇంటికొచ్చి నాతోపాటు నాగలి పట్టాడు. సాలు తిన్నగా పడేది కాదు. గట్టు దగ్గర ఎద్దులు ఆగాలంటే నోటితో చెప్పాలి. ఆయన చెప్పడు. కుడికాలు నేలకేసి తొక్కేవాడు. ఎద్దులు గట్టెక్కేవి. నాకు నవ్వొచ్చేది గాని నవ్వేవాణ్ణి కాదు. లారీ పోయినప్పటినుంచి ఆయన మనిషి సగమయ్యాడు.

ఒకరోజు గిద్దలూరు నుంచి నడిచొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా వసారాలో కూర్చున్నాడు. మా వదిన లక్ష్మీనరసమ్మ ఆముదాలు ఒలుస్తోంది.

"కారు దొరుకుతాది," అన్నాడు అన్న.

వదిన తలెత్తలేదు. "యాడన్న పడిపోయిందా, దొరికేదానికి?"

"ఎగతాళి వద్దు. కాశీవిశ్వనాథం శెట్టి ఇప్పిస్తానన్నాడు."

కాశీవిశ్వనాథం శెట్టికి గిద్దలూరు స్టేషను దగ్గర అంగడి ఉంది. ఇనుము, కిరసనాయిలు, పెట్రోలు డబ్బాలు అమ్మేవాడు. మద్రాసులో పాత కార్లను బాగుచేసి కంతుల మీద ఇచ్చే కంపెనీ ఒకటి ఆయన్ను మా వైపు ఏజెంటుగా పెట్టుకుంది.

అన్న చెప్పుకొచ్చాడు. గుడ్డ టాపు కారు. ఆరుగురు ఎక్కొచ్చు, ఇరుక్కుంటే ఎనిమిది మంది. రైలు దిగినవాళ్లను రాచర్లకు చేర్చవచ్చు. శనివారం నెమలిగుండం గుడికి పోయే జనం ఎటూ ఉంటారు. పెళ్లిళ్లకు అడుగుతారు. ముందు నాలుగు వందలు కట్టాలి. తర్వాత నెలకు యాభై చొప్పున రెండేళ్లు.

"ముందు కట్టేది యాడిది?" అంది వదిన.

అన్న నా వైపు చూశాడు. "ఎద్దుల్ని అమ్ముదాం. కంభం వాళ్లు మంచి రేటిస్తామంటున్నారు."

ఎద్దుల్ని దూడలప్పటి నుంచి మేపింది నేను.

"హామీ కావాలంట," అన్నాడు అన్న, ఈసారి మెల్లగా. "బావిచేను రాయమంటారు."

వదిన చేతిలో ఆముదపు కాయ అట్లనే ఉండిపోయింది.

బావిచేను వదినది. వాళ్ల నాయన ఆమె పేరుమీద రాసిచ్చిన రెండెకరాలు. మాకున్న మిగతా నేలంతా మెట్ట. వాన పడితే కొర్రలు, పడకపోతే రాళ్లు. బావిచేనులో మాత్రం ఏ ఏడాదైనా నీళ్లుండేవి. మా ఇంటిల్లిపాదీ తినేది ఆ రెండెకరాల మీదనే. అది పోతే మేము కూలికి పోవాలి, అంతే.

"రెండేళ్లదాకా ఆ కారు ఎవరిది?" అని అడిగింది వదిన.

"కంపెనీదే. కడపటి కంతు కట్టేదాకా వాళ్లదే. మన చేతిలో ఉంటాది, మనం నడుపుకుంటాం, మనమే మేపుకుంటాం. కంతులు తీరినాక మనదైపోతాది."

వదిన ఆలోచించింది. ముఖం తేటపడింది. "అట్ల చెప్పు మరి. పాలుకిచ్చినట్లే గదా."

"అదే," అన్నాడు అన్న. "పాలుకిచ్చినట్లే."

నాకూ అట్లనే అనిపించింది. మా వైపు మనిషి ఎవరికి చెప్పినా అట్లనే అనిపించేది.

పాలు అంటే వాటా. గొర్రెలున్నవాళ్లు వాటిని కాపరికి పాలుకిస్తారు. కాపరి మేపుతాడు. పుట్టిన పిల్లల్లో సగం కాపరికి, సగం సొంతదారుకి. ఉన్ని, ఎరువు కాపరివే. గొర్రె మాత్రం ఎన్నాళ్లైనా సొంతదారుదే. కాబట్టి గొర్రె చస్తే నష్టం కూడా సొంతదారుదే. రోగమొచ్చి చచ్చినా, తోడేలు చంపినా, కాపరి ఆ గొర్రె చెవులు తెచ్చి చూపిస్తాడు. చెవికి ఎవరి గాటు వాళ్లకుంటుంది. సొంతదారు గాటు చూసుకుని సరేనంటాడు. కాపరిని పైసా అడగడు. వదినకు పుట్టింటి నుంచి వచ్చిన గొర్రెలు చాలా ఏళ్లుగా మాలకొండయ్య అనే కాపరి దగ్గర పాలుకున్నాయి. ఆమెకు తెలిసిన ఒప్పందం అదే. దాంట్లో మోసం జరగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

అందుకే ఒప్పుకుంది. శెట్టిని కాగితాలు తెమ్మని కబురు పంపాము.

శెట్టి ఎద్దుబండిలో వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. నెత్తిన జరీ టోపీ. మా ఇంట్లో నీళ్లు తాగడు, అది వాళ్ల ఆచారం. వదిన నిమ్మకాయ తెచ్చి ఇస్తే రెండు చేతులా తీసుకున్నాడు. వసారాలో చాప మీద కూర్చుని కాగితాలు పరిచాడు. స్టాంపు కాగితాలు. ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయన ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. కడపటి కంతు కట్టేవరకు వాహనం కంపెనీ సొత్తు అనే ముక్క దగ్గర అన్నా వదినా ఒకరినొకరు చూసుకుని తలూపారు. శెట్టి అది గమనించాడు గాని ఏమీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే మాలకొండయ్య వాకిట్లోకి వచ్చాడు. గొంగడి దులుపుకుని, మడిచిన మోదుగాకు ఒకటి వసారా మీద పెట్టాడు.

"అక్కా, నల్ల గొర్రె పోయింది. రాత్రి తోడేళ్లు దిగినాయి."

వదిన ఆకు విప్పింది. లోపల రెండు చెవులు. కుడి చెవికి ఉన్న గాటు వేలితో తడిమి చూసింది.

"కడుపుతో ఉండె గదరా," అంది.

"ఉండె. దాన్నే పట్టినాయి."

"కుక్కలేం చేస్తాండె?"

"ఒకదానికి తొడ చీరకపోయింది. ఇంకోటి యాడికి పోయిందో తెల్లారినాక వచ్చింది సిగ్గు లేకుండా."

"పోనీలే. కూర్చో, మజ్జిగ తాగిపో," అని వదిన లోపలికి పోయి చెంబు తెచ్చింది. గొర్రె గురించి అంతకు మించి మాట లేదు.

శెట్టి కలం పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. మాలకొండయ్య మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, కాగితాల వైపు వంగాడు.

"ఏంది బావా, నీకూ పాలుకిస్తాండారంట గదా కంపెనీవాళ్లు?"

"ఇస్తాండారు," అన్నాడు అన్న.

"అది చస్తే ఏం తీసకపోయి చూపిస్తావు? దానికి చెవులుండవే."

"హారను పీక్కపోయి చూపిస్తా."

"మద్రాసుదాకానా? నీ చార్జీలకే ఇంకో కారొస్తాది."

అందరం నవ్వాము. శెట్టి కూడా నవ్వాడు. వదిన నవ్వుతూనే, "ఇట్ల తేండి, వేలిముద్ర యాడెయ్యాలో చూపించండి," అని చెయ్యి చాచింది.

శెట్టి నవ్వు ఆగిపోయింది. వదిన ముఖం చూశాడు, అన్న ముఖం చూశాడు. ఆకులో ఉన్న చెవుల వైపు చూశాడు. తర్వాత కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. ఇది మీ గొర్రెల మాదిరి ఒప్పందమని మీరు నిజంగానే అనుకున్నారా?"

"కాదా? కారు వాళ్లదే అంటిరి గదా."

"కారు వాళ్లదే. నష్టం మాత్రం మీది."

వదినకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. శెట్టి చాప మీద కొంచెం ముందుకు జరిగి, చిన్నపిల్లలకు చెప్పినట్టు కాకుండా, ఇంకో వ్యాపారస్తుడికి చెప్పినట్టు చెప్పాడు. కారు ఘాటులో పడి తుక్కైపోయినా మిగిలిన కంతులన్నీ కట్టాలి. దారిలో వాగొచ్చి నెలంతా కారు కదలకపోయినా ఆ నెల కంతు కట్టాలి. కట్టకపోతే కారు తీసుకుపోతారు. అప్పటిదాకా కట్టిన డబ్బు తిరిగి రాదు. తీసుకుపోయిన కారు అమ్మినా బాకీ తీరకపోతే ఆ మిగిలినదానికి బావిచేను మీదికి వస్తారు.

"వాళ్ల కారు వాళ్లు తీసకపోయి, మళ్లా నా చేనేంది?" అంది వదిన.

"అది కాగితంలో ఉందమ్మా. ఇందాక చదివినాను. మీరు తలూపినారు."

"మేం ఊపింది వేరేదానికి."

"ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది."

మాలకొండయ్య చెంబు కింద పెట్టి, తన తప్పేదో ఉన్నట్టు గొంగడి సర్దుకుని వెళ్లిపోయాడు.

అన్నకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆయనకే తెలియదు. "చెప్పకపోతే ఏం పోయేది శెట్టిగారూ? ముద్ర పడేది. మీ కమీషన్ మీకొచ్చేది."

"వచ్చేది. ఈ ఏడాదంతా ఒక్క కారు అమ్ముడుపోలేదు నా చేతిమీద. ఇంకొకరికి ఏజెన్సీ ఇచ్చేస్తామని మద్రాసు నుంచి రాస్తాండారు." శెట్టి కాగితాలు మడిచాడు. "రేపు వాగొచ్చిన నెల కారు దాంట్లో కొట్టుకపోతే నువ్వు హారను పట్టుకుని నా అంగడికాడికి వస్తావు గురవయ్యా. ఇదో శెట్టిగారూ, మీ కారు చచ్చింది అంటావు. మర్యాదగానే అంటావు. అప్పుడు నేనేం చెప్పేది?"

నేను చూసిన వ్యాపారస్తుల్లో ఇంత సులువైన బేరాన్ని ఒక్క మాటకు వదులుకున్న మనిషి ఇంకొకడు లేడు. ఆయన అది గొప్పగా చెప్పలేదు. లెక్కలో పొరపాటు దొరికితే దిద్దినట్టు చెప్పాడు.

అన్న మాత్రం పట్టు విడవలేదు. "తెలిసిందిగా ఇప్పుడు. తెలిసే చేస్తాం. ఇన్నేండ్లు లారీ తోలినా, ఘాటులో ఒక రాయికి తగిలించలేదు. నా చేతుల మీద నమ్మకం లేదా మీకు?"

ఆ చివరి మాట వదినకే.

"నీ చేతుల మీద ఉంది," అంది ఆమె. "వాగు మీద లేదు. వాగొస్తే నీ చేతులేం చేస్తాయి?"

"ఒక్క నెల."

"ఒక్క నెల చాలు గదయ్యా. శెట్టిగారు చెప్పింది అదే."

"అయితే నేను సచ్చేదాకా ఎద్దుల తోకలు పట్టుకుని పడుండాలా?"

వదిన అన్న వంక చాలాసేపు చూసింది. చేను ఆమెకెంతో అన్నకు ఆ బండి అంతేనని ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే మొదట ఒప్పుకుంది.

శెట్టి లేవబోయాడు. వదిన కూర్చోమంది.

"శెట్టిగారూ, ఆ కారు మీరు కొనండి."

"నేనా? నాకెందుకమ్మా? నాకు బండెక్కితే తల తిరుగుతాది."

"మీరు ఎక్కొద్దు. కొని మాకు పాలుకివ్వండి. మేపేది ఈయన, తోలేది ఈయన, కడిగేది ఈయన. కొట్టం మాది. వచ్చినదాంట్లో సగం మీది. చస్తే మీది."

శెట్టి నవ్వుదామనుకున్నాడు. నవ్వలేకపోయాడు. టోపీ తీసి మోకాలు మీద పెట్టుకున్నాడు.

"రోజుకు ఎంతొచ్చిందో నాకెట్ల తెలుస్తాది?"

"నాకు గొర్రెలెన్ని ఈనినాయో ఎట్ల తెలుస్తాది? మాలకొండయ్య చెప్తాడు, నేను వింటా."

"అబద్ధం చెప్తే?"

"చెప్పేవాడికి ఇయ్యకూడదు శెట్టిగారూ. అది ముందే చూసుకోవాల. ఇచ్చినాక చూసుకునేది ఏముంటాది?"

శెట్టి సరేననలేదు, కాదనలేదు. నిమ్మకాయ జేబులో వేసుకుని బండెక్కి పోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో చప్పుడు లేదు. అన్న వదినతో మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, లేచిపోయేవాడు. వదిన కూడా బతిమాలలేదు. చేను గురించి ఇంకొక మాట అనలేదు. కంభం వాళ్లు ఎద్దుల కోసం వస్తే, అమ్మకం లేదని ఆమే చెప్పి పంపేసింది. అన్న నాగలి పట్టుకుని గట్టు దగ్గర కాలు తొక్కుతూనే ఉన్నాడు.

ఒకరోజు మాలకొండయ్య నవ్వుకుంటూ వచ్చాడు.

"అక్కా, శెట్టి మందకాడికి వచ్చినాడు."

"ఏ శెట్టి?"

"కారు శెట్టి. చెప్పులు చేతబట్టుకుని, పంచె ఎత్తిపట్టుకుని. పెంటికలు తొక్కుతానేమోనని ఎగిరెగిరి నడుస్తాండాడు. గొర్రెలన్నీ మేత మానేసి ఆయన్నే చూసినాయి."

"ఏమన్నాడు?"

"నిన్ను గురించే. ఆమె చెవులు తిప్పిచూస్తాదా అని అడిగినాడు. చూస్తాది, చూసి మజ్జిగ పోస్తాదని చెప్పినా. ఎప్పుడన్నా కాదన్నదా అని అడిగినాడు. లేదన్నా. మరి నువ్వెప్పుడన్నా గొర్రెను అమ్ముకుని చెవులు తెచ్చినావా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆ పని చేసినోడికి ఈ చుట్టుపక్కల ఏ ఊర్లోనూ మళ్లా మేకపిల్లను కూడా ఇయ్యరు స్వామీ, నేనేం తిని బతకాల అన్నా. తర్వాత బావ సంగతి అడిగినాడు, తాగుతాడా అని."

అన్న వసారాలోంచి తల బయటికి పెట్టాడు. "ఏం చెప్పినావురా?"

"మా అక్క చేతి మజ్జిగ తప్ప ఏదీ దిగదని చెప్పినాలే బావా."

వదిన నవ్వింది. అన్న కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు అన్నం దగ్గర ఇద్దరూ మాట్లాడుకున్నారు.

శెట్టి మళ్లీ వచ్చినప్పుడు కాగితాలు తేలేదు. చాప మీద కూర్చుని, ముందే అనుకుని వచ్చినట్టు ఒక్కొక్కటీ చెప్పాడు. కారు ఆయన పేరుమీద కొంటాడు. కంతులు కాదు, మొత్తం ఒకేసారి కట్టి కొంటాడు. అట్లా అయితే ధర కూడా తగ్గుతుంది. పెట్రోలు ఖర్చు తీసేసి మిగిలిందాంట్లో సగం సగం. చిన్న రిపేర్ల ఖర్చు అన్న పెట్టుకోవాలి, పెద్దవాటిది ఆయన పెట్టుకుంటాడు. వాగొచ్చి కారు కదలని నెల ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. దైవికంగా పాడైపోతే ఆయన నష్టం. తాగి తోలి పాడుచేస్తే అన్న నష్టం.

"నేను తాగనని మాలకొండయ్య చెప్పినాడు గదా," అన్నాడు అన్న.

"తాగితే అంటాండా. తాగమని కాదు."

"చేను?" అంది వదిన.

"మీ చేను నాకెందుకమ్మా? ఎద్దులు కూడా అమ్మొద్దు."

వదిన ఆయన్ను పరీక్షగా చూసింది. "ఇంత చేస్తాండారు, మీకేం మిగులుతాది?"

"ధర్మం చేస్తాండాననుకోవద్దు. ఊర్లో వడ్డీకి తిప్పితే ఎంతొస్తాదో అంతకు తక్కువ రాదని లెక్కేసుకున్నా. వానాకాలం పోను లెక్కేసినా. ఎక్కువొచ్చినా రావచ్చు. అయితే పోతే అసలుకే పోతాది. ఆ భయం రాత్రి పడుకోనీలేదు. ఆ భయమే మీ నెత్తిన పెట్టబోయినా గదా అని కూడా అనుకున్నా."

"కాగితం రాసుకుందామా?" అన్నాడు అన్న.

శెట్టి కొంచెం ఆలోచించాడు. "కాగితం నాకు అలవాటు. మీకు ఇది అలవాటు. ఒక ఏడాది మీ అలవాటే చూస్తా."

వదిన లోపలికి పోయి నిమ్మకాయలు కాదు, ఈసారి కొంగులో వేరుశనగకాయలు తెచ్చింది. పచ్చివైతే ఆయనకు అభ్యంతరం లేదు. కూర్చున్నంతసేపూ ఒలుచుకుని తింటూ మాట్లాడాడు.

కారు రైల్లో వచ్చింది. స్టేషనులో దించి, అన్న దాని చుట్టూ తిరిగి, మూత ఎత్తి లోపల చూసి, చెవి పెట్టి ఇంజను విన్నాడు. అందులో కూర్చుని మా ఊరికి తోలుకొచ్చినప్పుడు ఆయన ముఖం నేను చూశాను. నాగలి దగ్గర ఆ ముఖం నాకెప్పుడూ కనపడలేదు. ఎద్దులు నాకే మిగిలాయి. బావిచేనులో నా సాలు నేను తిన్నగా దున్నుకున్నాను.

మొదటి శనివారం స్టేషను దగ్గర జనం నెమలిగుండానికి ఎగబడ్డారు. అన్న ఎక్కించుకుంటుంటే శెట్టి అంగడి మూసి వచ్చాడు. ఎక్కి వెనక సీట్లో మూలకు ఇరుక్కున్నాడు. తల తిరుగుతుందని దారంతా కళ్లు మూసుకునే ఉన్నాడట. దిగాక అందరితోపాటు అణాలు తీసి అన్న ముందు పట్టాడు.

అన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మీ కారులో మీకు చార్జీ ఏంది శెట్టిగారూ?"

"కారు నాది. చార్జీలో సగం నీది. నీ సగం ఎగ్గొట్టి నేను ఊరికే ఎక్కి తిరిగితే ఎట్ల?"

"మీ సగం మీరే ఇచ్చుకుని మీరే తీసుకుంటారా?"

"సాయంత్రం లెక్కలో తీసుకుంటా. నీది నీకు ఇప్పుడే రావాల గదా. పట్టు, వెనక జనం నిలబడినారు."

అన్న పట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు గాని అది ఎగతాళి నవ్వు కాదు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే వదిన పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి రెండోసారి చెప్పించుకుంది. "వెనక సీటు ఎగేస్తాది, అందుకే తల తిరుగుతాది ఆయనకు," అంది. "వచ్చే వారం నీ పక్కన, ముందు సీట్లో కూర్చోబెట్టు."

అన్న అట్లనే కూర్చోబెట్టాడు. ముందు సీటుకు చార్జీ ఎక్కువ. శెట్టి అది కూడా లెక్కపెట్టి ఇచ్చాడు.